నురుగుపిల్ల మెడలో రెండు ముడులు

పేట,
డిసెంబరు 2

ప్రియమైన మాధవికి,

ఉత్తరం ఎవరికి రాసినా ప్రియమైన అనే మొదలుపెట్టాలని తాత నేర్పాడు కాబట్టి అలా రాశాను. అంతకుమించి ఏమీ ఊహించుకోకు.

తాత పోయిన పన్నెండో రోజున నీతో జన్మలో మాట్లాడనని గంగమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాను. నువ్వూ పెట్టుకున్నావు. రాయనని మాత్రం నేను పెట్టుకోలేదు. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే మా బడిలోనూ మీ బడిలోనూ అందరూ ఒడియా చదువుతారు. తాత పడవ చెక్క మీద బొగ్గుతో దిద్దించిన ఈ అక్షరాలు నీకూ నాకూ తప్ప మన ఇళ్ళల్లో ఎవరికీ రావు. సీతాలత్త రోజూ చేపల గంపతో బరంపురం వచ్చి మీ అరుగు మీదే కదా కూర్చుంటుంది, ఆ గంప అడుగున పెట్టి పంపుతున్నాను. కంపు కొడుతోందని ముక్కు మూసుకోకు. మీ నాన్న బడా బజార్లో అమ్మేదీ ఎండుచేపలే.

ఇక విషయం. ఆ రోజు సీతాలత్త మనిద్దరికీ చెరో కుండ ఇచ్చి, తాత ఇమ్మన్నాడని, నాలుగు రోజులు మూత తియ్యొద్దని చెప్పింది కదా. నేను ఐదో రోజు సాయంత్రం తీశాను. లోపల నురుగుపిల్ల ఉంది! నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నురుగులోంచి పుడుతుందని తాత చెబుతుంటే మనం కథ అనుకునేవాళ్ళం. కథ కాదు. నా అరచేతిలో పడుకుంది. తెల్లగా, మెత్తగా, రొయ్య మీసాల్లాంటి రెండు పొడుగు చెవులతో ఉంది. పొగమంచు రోజుల్లో అది పాడితే ఆ పాట పట్టుకుని పడవ తిరిగొస్తుందని తాత అనేవాడు. పుష్యమాసం మంచు రాబోతోంది. మా నాన్న రోజూ వేటకు వెళ్తున్నాడు.

నీ కుండలో కూడా ఉండే ఉంటుంది. దాన్ని వెంటనే నాకు పంపెయ్. ఆసుపత్రి అంటూ తాతని మీ ఊరు తీసుకెళ్ళారు. సముద్రం కనపడని ఇంట్లో ఆయన పోయాడు. నన్ను చూడ్డానికి కూడా రానివ్వలేదు. దీన్ని కూడా అలాగే చంపుతావు.

తాత రాసిపెట్టిన పుస్తకం వెనక సగం కూడా పంపు. నువ్వు గుంజబట్టే అది చిరిగింది.

ఇట్లు,
నీకు ఏమీ కాని
రింకి


గోసాని నువాగాం,
డిసెంబరు 5

ప్రియమైన వదినకు,

మా మావయ్య కూతురివి, నాకంటే ఏడు నెలలు పెద్దదానివి కాబట్టి వదినవి. ఆ ఏడు నెలల్లో నీకు అదనంగా వచ్చిన బుద్ధి ఎక్కడుందో నాకు కనిపించలేదు.

పుస్తకం నువ్వు గుంజావు. నేను పట్టుకున్నాను. చింపిందెవరో దేవుడికి తెలుసు.

మా ఇంట్లో తాతకి ఏం జరిగిందో నీకు తెలియదు. తెలియని సంగతి రాయకు. మీ ఇంట్లో నెలరోజులు దగ్గుతూ ఉంటే ఒక్కరైనా ఛత్రపూర్ దాకా తీసుకెళ్ళి డాక్టరుకి చూపించారా? మా అమ్మ వచ్చి తీసుకొచ్చింది. ఆమె ఆయన కూతురు. ఆమెకు హక్కు ఉంది.

అవును, నా కుండలోనూ ఉంది. నీకు పంపను. పెరట్లో సిమెంటు తొట్టిలో పెట్టాను. పేరు రసగుల్లా. పిలిస్తే చెవులు రెండూ నిక్కబొడుస్తుంది. మా దుకాణంలోని రొయ్యపొట్టు చిటికెడు వేస్తే నీళ్ళలో మూడు చుట్లు తిరిగి తింటుంది. మా అమ్మ చూసి, "ఏటే ఆ తెల్లటిది? సబ్బు నురగ తొట్లో వదిలీసినావా?" అంది. పెద్దవాళ్ళకు నురుగులాగే కనబడుతుంది కాబోలు.

నా దగ్గరున్న వెనక సగంలో తాత స్పష్టంగా రాశాడు. పొద్దున పూట నూతినీళ్ళలో ఉంచాలట. అలాగే ఉంచుతున్నాను. బడికి వెళ్ళేముందు, వచ్చాక ఆడిస్తాను. పొద్దు వాలేసరికి మాత్రం నీళ్ళ అడుక్కి పోయి పడుకుంటుంది, వెతికినా దొరకదు. మళ్ళీ పొద్దున్నే హాజరు. బుద్ధిమంతుల ఇంట్లో ఉన్నది అలాగే ఉంటుంది.

ఇట్లు,
మాధవి


పేట,
డిసెంబరు 13

ప్రియమైన మాధవికి,

నూతినీళ్ళా! సముద్రపు పిల్లని నూతినీళ్ళలో నానబెడుతున్నావా? నా దగ్గరున్న ముందు సగంలో దీపాలవేళ ఉప్పునీరు పొయ్యాలని ఉంది. తాత చేతిరాతే. నీ సగంలో ఉన్నది ఇంకేదో జంతువు గురించి అయ్యుంటుంది.

రసగుల్లా అట. తినేవస్తువు పేరు పెట్టుకున్నావు. నాదాని పేరు గవ్వ. నీదానికీ నాదానికీ పోలికే లేదు. గవ్వ పగలంతా కనపడదు. కుండలో ఇసుక కింద దూరి పడుకుంటుంది కాబోలు. సాయంత్రం ఐదున్నరకి, సీతాలత్త బరంపురం నుంచి వచ్చి మా గుమ్మంలో గంప దించే వేళకి, లేచి కూర్చుంటుంది. అప్పట్నుంచీ పాటే. శంఖం చెవి దగ్గర పెట్టుకుంటే వినిపిస్తుందే, అలాంటిదే, కానీ అందులో రాగం ఉంది. మా అమ్మ అన్నం వారుస్తూ ఆగిపోయి, "గాలి మారినట్టుంది" అంటుంది.

సీతాలత్తకి కూడా పిచ్చెక్కుతోంది. నిన్న తల గోక్కుంటూ, "ఏటో పిల్లా, నా గంప ఈమద్దెన నెత్తి మీద కూనిరాగం తీత్తంది. వయసైపోనాది నాకు, సెవుల్లో హోరు" అంది. తన చేపలు కూడా ఈమధ్య సాయంత్రం దాకా వాడిపోకుండా ఉంటున్నాయట. ముసలిది ఏదో ఒకటి అంటూనే ఉంటుంది.

ఇంకో సంగతి. గవ్వ మెడకి మా పడవ ముడి వేశాను. నీలం నైలాను దారంతో, మా వల తేలేందుకు కట్టే బెండ్లకు వేసే ముడే. నువ్వు పట్నం పిల్లవి, మర్చిపోయి ఉంటావు కాబట్టి గుర్తు చేస్తున్నాను. ఏ బెండు మీద ఎవరి ముడి ఉంటే అది వాళ్ళదే. తుఫానుకు కొట్టుకుపోయి పది ఊళ్ళ అవతల ఒడ్డుకు చేరినా, దొరికినవాళ్ళు ముడి విప్పకుండా తెచ్చి ఇవ్వాలి. ఒకరి ముడి ఇంకొకరు ముట్టుకుంటే దొంగతనం కంటే పెద్ద తప్పు. పేటలో మళ్ళీ ఎవరూ వాళ్ళతో కలిసి వల లాగరు. ఇప్పుడు గవ్వ నాది. ముడి సాక్ష్యం.

ఇట్లు,
రింకి


గోసాని నువాగాం,
డిసెంబరు 14

ప్రియమైన దొంగ వదినకు,

ఇవాళ పొద్దున తొట్టి దగ్గరికి వెళ్తే నా రసగుల్లా మెడకి నీలం నైలాను దారం! మీ పడవ ముడి! ఎప్పుడొచ్చావు? గోడ దూకావా? మా ఇంట్లో పైవాటాలో ఉండే ఒడియా ఆవిడ, మాఉసి, నా అరుపుకి పరిగెత్తుకొచ్చి "కొణొ హెలా, కొణొ హెలా" అని అడిగింది. ఏమైందని చెప్పను? మా వదిన ఇరవై కిలోమీటర్లు వచ్చి నా జంతువుకి ముడి వేసిపోయిందని చెప్పనా?

నీదాన్ని ఉంచుకుని నాదాన్ని కూడా లాక్కోవాలని చూస్తున్నావు. చిన్నప్పట్నుంచీ నువ్వింతే. తాత ఇద్దరికీ చెరో తాటిబొమ్మ చేస్తే, నాది కూడా నీ పెట్టెలోనే తేలేది.

నేను నీ ముడి విప్పలేదు. నేనూ పడవ ఇంటి మనవరాలినే, నాకూ కట్టుబాటు తెలుసు. కానీ నాకు చేతులున్నాయి. మా దుకాణంలో ఎండుచేపల మూటలకు మా నాన్న వేసే జనపనార సుత్లి ముడి నీ ముడి పక్కనే వేశాను. బడా బజార్లో ఆ ముడి చూసి ఇది సంతోష్ మూట అని గుర్తుపట్టని హమాలీ లేడు. ఇప్పుడు దమ్ముంటే తీసుకుపో.

ఇట్లు,
మాధవి


పేట,
డిసెంబరు 16

ప్రియమైన మాధవికి,

కూర్చుని చదువు.

మొన్న సాయంత్రం గవ్వ మెడలో నీ సుత్లి కనిపించింది. ముందు నేనూ నువ్వు వచ్చావనే అనుకున్నాను. కర్ర పట్టుకుని పేటంతా వెతికాను కూడా. తర్వాత కూర్చుని ఆలోచించాను. నిన్న తెల్లారుతుండగా వలల కుప్ప వెనక నక్కి చూశాను. సీతాలత్త చేపలు సర్ది, మీద తాటాకు కప్పి, మా అమ్మతో మాట్లాడుతోంది. గవ్వ కుండలోంచి బయటికొచ్చింది. ఒళ్ళు ఒకసారి విదిలించుకుంది. నాలుగు గెంతుల్లో గంప ఎక్కి తాటాకు కిందకు దూరింది. సీతాలత్త గంప నెత్తికెత్తుకుని ఛత్రపూర్ ఆటో ఎక్కింది. సాయంత్రం అదే గంపలో దిగింది.

రెండు లేవు. ఒక్కటే. రాత్రి నా దగ్గర, పగలు నీ దగ్గర.

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నేను ప్రేమగా ఉప్పునీళ్ళు పోసి పంపుతుంటే నువ్వు నూతినీళ్ళతో కడిగేస్తున్నావన్నమాట. పోనీ, ఇప్పుడు లెక్క తేలింది. ఒక్కటే ఉన్నప్పుడు అది ముందు ముడి వేసినవాళ్ళది. ముందు వేసింది నేను. నీ సుత్లి విప్పు. విప్పాక దాన్ని గంప ఎక్కనివ్వను, కుండ మీద రాయి పెడతాను.

ఇట్లు,
రింకి


గోసాని నువాగాం,
డిసెంబరు 19

ప్రియమైన వదినకు,

నేనూ చూశాను. సీతాలత్త మా అరుగు మీద కునుకు తీస్తుంటే, నాలుగున్నరకి అది తొట్టిలోంచి ఎక్కి గంపలో కూర్చుంది. నా వైపు తిరిగి చెవులూపింది. నువ్వు చెప్పింది నిజం. నువ్వు నిజం చెప్పడం కూడా నాకు నచ్చలేదు.

ముందు ముడి ఎవరు వేశారన్నది వల బెండ్లకు. ఇది బెండు కాదు. ఇది నా తొట్టిలోకి తన కాళ్ళతో వస్తుంది. నేను పిలిచి కట్టెయ్యలేదు. నువ్వు రాయి పెడితే నేను సీతాలత్తకి అంతా చెప్పేస్తాను, ఆమె మీ గుమ్మంలో గంప దించడం మానేస్తుంది. అప్పుడు మీ చేపలు నువ్వే నెత్తిన పెట్టుకుని అమ్ముకో.

ఇంకొకటి. రెండు రోజులుగా దాని గొంతు బొంగురుపోయింది. మేత బాగా తిని ఒళ్ళు చేసింది కదా, నీ ముడి మెడలోకి దిగిపోతోంది. వల ముడి తడిసేకొద్దీ బిగుస్తుందని పుట్టినప్పట్నుంచీ తెలిసినదానివి, నీళ్ళలో బతికేదానికి ఆ ముడి ఎలా వేశావు? వలకీ ప్రాణానికీ తేడా తెలియదా? విప్పు.

ఇట్లు,
మాధవి


పేట,
డిసెంబరు 21

ప్రియమైన మాధవికి,

నీ సుత్లి మాత్రం తడిస్తే ఏమవుతుందనుకున్నావు? ఉబ్బి తాడంత అయింది. నాది నొక్కుతుంటే నీది పిసుకుతోంది. నిన్న సాయంత్రం పాట పాడలేదు. నోరు తెరిచింది, గాలి మాత్రమే వచ్చింది. రొయ్యపొట్టు ముట్టలేదు.

నీ ముడి నేను ముట్టుకోకూడదు కాబట్టి ఊరుకున్నాను. నువ్వు విప్పిన మరుక్షణం నేను విప్పుతాను.

రింకి


గోసాని నువాగాం,
డిసెంబరు 22

ప్రియమైన వదినకు,

ముందు నువ్వు.

మాధవి


పేట,
డిసెంబరు 23

ప్రియమైన మాధవికి,

చచ్చినా విప్పను. నేను విప్పితే నీ ముడి ఒక్కటే మిగులుతుంది. అప్పుడు అది నీదైపోతుంది. నీ ఎత్తు నాకు తెలుసు.

రింకి


గోసాని నువాగాం,
జనవరి 6

ప్రియమైన వదినకు,

రెండు వారాలు నేనూ రాయలేదు, నువ్వూ రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఒకటే. ఆదివారం నాడు ముందు ముడి విప్పింది రింకి అని పేటలో పిల్లలంతా చెప్పుకుంటున్నారని సీతాలత్త నిన్న చెప్పింది. ఎవరు చెప్పి ఉంటారో నాకు తెలుసు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తాత పుస్తకంలో పెట్టి దాచుకో.

ఆదివారం పొద్దున సీతాలత్త మా ఇంటికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. ఎప్పుడూ గంప దించుతూనే మంచినీళ్ళు అడిగే మనిషి, అరుగు మీద కూలబడి, "మంచు కమ్మీసినాది పాపా. తెల్లారగట్ల ఎల్లినోలు ఒక్కలూ రానేదు. మీ మావయ్య పడవా రానేదు. ఫోను సేత్తే మోగట్నేదు" అని ఏడ్చింది. మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ప్రకాష్ మావయ్య నీకు నాన్న అయితే మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఆ సంగతి నువ్వెప్పుడూ తలుచుకోవు.

నేను తాటాకు తీసి గంపలో చూశాను. రసగుల్లా వచ్చింది. కానీ తొట్టిలోకి గెంతలేదు. చేపల మధ్య చేపలా పడి ఉంది. చెవులు రెండూ ఒంటికి అతుక్కుపోయాయి. ఒళ్ళు తెలుపు పోయి బూడిద రంగుకి తిరిగింది. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు ముడీ గుర్తుకు రాలేదు, నువ్వూ గుర్తుకు రాలేదు. భయం వేసింది. కుండలో సగం నూతినీళ్ళు పోసి దాన్ని వేసుకుని, ఎవరినీ అడక్కుండా సీతాలత్తని లేపి ఆటో ఎక్కించాను. ఛత్రపూర్ దాటేసరికి ముందు వెళ్ళే లారీ వెనక లైటు కూడా కనపడలేదు. ఆటోవాడు మెడ బయట పెట్టి నడిపాడు.

ఒడ్డున అందరూ ఉన్నారు. ఆడవాళ్ళు పళ్ళాలు, బిందెలు వాయిస్తున్నారు. టైర్లు తగలబెట్టారు. పొగా మంచూ కలిసి ఇంకా ఏమీ కనపడలేదు. మొగ దగ్గర అలలు విరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మొగలోకి వచ్చే ఆ దారి తప్పి అటూ ఇటూ వస్తే పడవ తిరగబడుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నువ్వు నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నావు. నన్ను చూశావు. నోరు తెరిచి మూసేశావు. ఒట్టు గుర్తొచ్చి ఉంటుంది. నాకూ గుర్తొచ్చింది.

ఇక్కడ జాగ్రత్తగా చదువు. నేను కుండ ఇసుకలో పెట్టి, దాన్ని ఒళ్ళోకి తీసుకుని, నా సుత్లి ముడి విప్పడం మొదలుపెట్టాను. నువ్వు అప్పటికి ఇంకా నీళ్ళలోంచి బయటికి రాలేదు. అది ఉబ్బి రాయిలా అయింది. రెండు గోళ్ళు విరిగాయి. పళ్ళతో లాగాను. ఉప్పూ సుత్లి పీచూ నోట్లోకి వచ్చాయి. విడిపోయింది. నీలం ముడి ఒక్కటే మిగిలింది. అంటే కట్టుబాటు ప్రకారం ఆ క్షణంలో అది నీదైపోయింది. అది తెలిసే విప్పాను. కావాలంటే నా గోళ్ళు చూడు.

నీ ముడి నేను ముట్టుకోలేదు. దాన్ని నీకు అందించాను. నువ్వు కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడిమి, ఎక్కడ లాగాలో అక్కడ లాగావు. ఒక్క లాగుకి వచ్చింది. ఇన్నాళ్ళూ ఒక్క లాగు పని! కొట్టాలనిపించింది. చేతులు ఖాళీ లేక కొట్టలేదు.

అయినా అది పాడలేదు. మెడ చుట్టూ ఎర్రటి గీత. నువ్వు దాన్ని సముద్రంలో పెట్టబోయావు. నేను నది వైపు లాగాను. ఇద్దరం మళ్ళీ గుంజుకున్నాం, అంతమంది ముందు, నోరు మెదపకుండా. ఆ గుంజులాటలో మొగ దాకా వెళ్ళిపోయాం. అక్కడ నది నీళ్ళు, సముద్రపు నీళ్ళు కలిసి నురుగు కడుతున్నాయి. అది మన చేతుల్లోంచి జారి అందులో పడింది. మునిగింది. తేలింది. అప్పుడు దగ్గినట్టు చిన్న చప్పుడు చేసింది.

పళ్ళాల మోతలో అది మనకు తప్ప ఎవరికీ వినపడలేదు. నువ్వు పరిగెత్తి మీ అమ్మ చేతిలో పళ్ళెం, బుల్లమ్మ ముసలమ్మ చేతిలో బిందె, అందరివీ లాక్కుని ఇసుకలోకి విసిరేశావు. అది మాత్రం బాగా చేశావు. ఒడ్డంతా నిశ్శబ్దమైపోయింది. అప్పుడు పాట పెరిగింది. ముందు దోమంత, తర్వాత శంఖమంత. తర్వాత నా పక్కటెముకల్లో మోగింది.

మంచులోంచి మొదట మీ పడవ ముక్కు వచ్చింది. దాని వెనక మిగతా నాలుగూ. మావయ్య దిగి, వణుకుతూ, "ఎటు సూసినా తెల్లగే. మొగ ఏటేపో తెలీనేదు. అప్పుడు మా అయ్య పిలిసినట్టినపడ్డాది. ఆ పిలుపు ఏపే తోలుకొచ్చీసినాను" అన్నాడు. మా అమ్మ పేరు చెప్పి నా తల మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. నువ్వు అటు తిరిగి నిలబడ్డావు. నేను ఇటు తిరిగి ఆటో ఎక్కాను.

ఇది జరిగింది. ముందు విప్పింది నేను.

ఇంకొకటి కూడా రాసేస్తాను, మళ్ళీ రాయాల్సిన పని లేకుండా. తాత సముద్రం కనపడని ఇంట్లో పోయాడన్నావు. చివరి నాలుగు రోజులూ ఆయన "సంద్రం ఏటేపుందే?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను సీతాలత్త చేత రోజూ క్యానులో సముద్రపు నీళ్ళు తెప్పించి, బేసినులో పోసి, ఆయన కాళ్ళు అందులో పెట్టేదాన్ని. "ఇక్కడే ఉంది తాతా" అనేదాన్ని. కాళ్ళు ఆడించేవాడు. నిన్ను రానివ్వనిది మా అమ్మ కాదు. ఆ సంగతి మీ అమ్మని అడుగు. నీకు పరీక్షలని ఆవిడే పంపలేదు. నువ్వు నన్ను తిట్టుకుంటూ ఉంటే తేలిగ్గా ఉంటుంది కదా అని నేను చెప్పలేదు.

పుస్తకంలో చివరి కాగితం నిలువునా చిరిగి, సగం నీ చేతిలో ఉండిపోయింది. నా ముక్క ఇందులో పెట్టాను. నా దగ్గరుంటే ఒక్క వాక్యం కూడా చదవడానికి రావడం లేదు.

ఇట్లు,
ముందు విప్పిన
మాధవి


పేట,
జనవరి 9

ప్రియమైన మాధవికి,

ముందు విప్పింది నువ్వే.

ఈ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది. ముందు నేను విప్పానని పేటలో చెప్పింది నేనే. నిన్న కుళాయి దగ్గర నిలబడి, ముందు విప్పింది మా మేనత్త కూతురు మాధవి అని అందరికీ వినపడేలా చెప్పాను. బుల్లమ్మ ముసలమ్మ, "ఏటి విప్పీసినాదే?" అని అడిగింది. వాళ్ళకి మనం నురుగు పట్టుకుని కొట్టుకున్నట్టే కనిపించిందట. ఎంత కోపం వచ్చిందో.

మా అమ్మని అడిగాను. నువ్వు రాసింది నిజం. పరీక్షలన్నది సాకేనట, తాత అలా అయిపోయి ఉండటం నేను చూడలేనని పంపలేదట. ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు. ఒట్టు పెట్టుకోబోయి ఆగాను. ఇంట్లో అందరి మీదా ఒట్లు పెట్టుకుంటే అన్నం అడగడం కష్టం.

ఆ బేసిను సంగతి నాకు ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పనందుకు నీ మీద కోపం అలాగే ఉంది. కానీ ఆయన కాళ్ళు ఆడించాడని చదివాక ఉత్తరం మడిచి పెట్టి ఒడ్డుకి వెళ్ళి కూర్చున్నాను. చీకటి పడేదాకా ఇంటికి రాలేదు.

కాగితం రెండు ముక్కలూ అన్నం మెతుకులతో అతికించాను. తాత రాసింది ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఇది ఒక్కటే దొరికింది. మొగలో పుట్టినది కాబట్టి దీనికి రాత్రి ఉప్పునీరు, పగలు తీపినీరు కావాలి. ఆ తిరుగుడు అదే తిరుగుతుంది. నేను ఇన్నేళ్ళూ దాన్ని పడవలో వేసుకుని అటూ ఇటూ తిప్పాను. ఇక నావల్ల కాదు. ఒక్కరికిస్తే నాలుగు రోజులు ముద్దు చేసి మరిచిపోతారు. జట్టుగా ఉండే ఇద్దరికిస్తే, రెండోది చూసుకుంటుందిలే అని ఇద్దరూ ఊరుకుంటారు. ఈ రింకికీ మాధవికీ ఒక్క క్షణం పడదు. వీళ్ళకే ఇస్తాను. పంతానికైనా ఒక్కపూట వదలరు."

చదివావా! ఆ ముసలాయన మన మంచితనం చూసి ఇవ్వలేదు. మన గొడవ చూసి ఇచ్చాడు. అందుకే రెండు కుండలు. అందుకే సీతాలత్తకి కూడా అసలు సంగతి చెప్పలేదు.

కానీ తాతకి సగమే తెలుసు. పంతానికి మేత పెడతామని ఆయనకు తట్టింది, పంతానికి పీక బిగిస్తామని తట్టలేదు. ఆ కాగితం కింద ఒక వాక్యం నేను చేర్చాను. దీని మెడకి ఎవరూ ఏదీ కట్టకూడదు. కింద నా పేరు రాశాను. నీ పేరుకి చోటు వదిలాను. కాగితం పంపుతున్నాను, రాసి వెనక్కి పంపు. చింపావంటే చూడు.

ముడి ఎందుకు వేశానో కూడా రాసేస్తాను. నీ మీద గెలవడానికని నువ్వనుకున్నావు. నేనూ అలాగే రాశాను. అది కాదు. మీ అమ్మ తాతని ఆటోలో ఎక్కించినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. మళ్ళీ తెస్తారులే అనుకున్నాను. తేలేదు. ఈ గవ్వని కూడా ఎవరో తీసుకుపోతారని భయం వేసింది. మా పడవ ముడి ఉంటే ఎక్కడికి కొట్టుకుపోయినా తిరిగి నా దగ్గరికి తెచ్చి ఇస్తారని వేశాను. తాతకి వెయ్యలేకపోయాను.

మెడ మీద ఎర్ర గీత మానుతోంది. నిన్న సాయంత్రం కొంచెం పాడింది. రొయ్యపొట్టు తినడం లేదు, పచ్చి రొయ్య మెత్తగా నలిపి పెట్టాను, తింది. నువ్వు నూతినీళ్ళు పోసేముందు ఎండలో పెట్టి చలి విరగనియ్యి. ఆ తొట్టికి పాచి పట్టిందని సీతాలత్త చెప్పింది, తోము. పేరు గవ్వే. రసగుల్లా అంటే కూడా పలుకుతుందంటే అది దాని మంచితనం.

ఒట్టు తియ్యమని అమ్మ పోరుతోంది. గంగమ్మకి కొబ్బరికాయ కొడితే పోతుందట. నేను కొట్టను. నువ్వూ కొట్టకు. మాట్లాడుకోవడం మొదలుపెడితే ఫోను ఎత్తుతావు, ఉత్తరాలు మానేస్తావు. తాత అక్షరాలు ఇంక ఎవరి చేతుల్లోనూ ఉండవు. నీతో ఎప్పటికీ మాట్లాడను.

రేపు పొద్దున గంపలో వస్తుంది. మెడ ఖాళీగా ఉంటుంది. సాయంత్రం అలాగే పంపు.

ఇట్లు,
నీ వదిన
రింకి